పొగబండి దారిలో కాలినడక

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రైలు ప్రయాణం, పల్లెల్లో నడక కలిపి స్నేహితులతో ఒక రోజు గడపడం గురించి ఈసారి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్రశ్నలు వచ్చాయి. పాత పొగబండి మీద మమకారం చాలా ఉత్తరాల్లో కనిపించింది. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురం స్నేహితులం. మా తాతల కాలంలో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న పొగబండి నడిచేదట. అది ఇప్పుడూ ఉందా? లేకపోతే ఆ మార్గంలోనే రైలెక్కి, మధ్యలో దిగి, పల్లెల్లో నడిచి, చీకటి పడకముందే తిరిగి రావాలంటే ఎలా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆ బండి లేదు. దారి మాత్రం ఉంది. పర్లాకిమిడి రాజావారు తమ ఊరిని నౌపడ దగ్గర పెద్ద లైనుతో కలపడానికి వేయించిన మార్గం అది. 1898 ఏప్రిల్ 20న అనుమతి దొరికింది, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. సుమారు 40 కిలోమీటర్ల లైనుకు అయిన ఖర్చు 7 లక్షల రూపాయలు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద లైనుకు అది 1,676. మొదటి పదేళ్లూ నష్టాలే వచ్చాయి. 1910 తర్వాత కాస్త మిగలడం మొదలై, 1924–25 నుంచి లాభం బాగా కనబడ్డాకే లైనును గుణుపురం దాకా పెంచారు. ఆ పొడిగింపు 1929లో కొంత, 1931లో కొంత జరిగింది. చివరి చిన్న బండి 2004 జూన్ 9న నడిచింది. బ్రాడ్‌గేజిగా మార్చాక 2010 ఆగస్టులో పర్లాకిమిడి వరకు, 2011 జులైలో గుణుపురం వరకు మళ్లీ బళ్లు తిరిగాయి. నౌపడ నుంచి గుణుపురానికి మొత్తం 90 కిలోమీటర్లు.

ఇక రోజును కట్టుకోవడం. ఈ మార్గంలో తిరిగే బళ్లు తక్కువ. ఒకటి తప్పితే తర్వాతిదానికి గంటల తరబడి చూడాలి. అందుకే నడక ముందు అనుకుని రైలు తర్వాత వెతికితే రోజు చెడుతుంది. మొదట తిరుగు రైలు ఏదో తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి.

ఉదాహరణకు తిరుగు బండి సాయంత్రం 4 గంటలకు అనుకుందాం. స్టేషనుకు 45 నిమిషాల ముందు, అంటే 3:15కు చేరాలి. నడవాల్సింది 10 కిలోమీటర్లు. అందులో 4 కిలోమీటర్లు తారు రోడ్డు, 6 కిలోమీటర్లు పొలం గట్లు, చెరువు గట్లు. ఆరుగురు కబుర్లాడుకుంటూ నడిస్తే తారు రోడ్డు మీద గంటకు 4 కిలోమీటర్లు, గట్ల మీద 3 కిలోమీటర్లు మించి సాగదు. ఆ లెక్కన నడకకే 3 గంటలు. గంటకోసారి 10 నిమిషాల విరామం, మొత్తం అరగంట. భోజనానికి 45 నిమిషాలు. గుడి దగ్గరో పక్షుల దగ్గరో ఆగడానికి ఒక గంట. అన్నీ కలిపితే 5 గంటల 15 నిమిషాలు. ఉదయం సరిగ్గా 10 గంటలకు అడుగు పడాలన్నమాట. 10 తర్వాత దించే బండిలో వెళ్తే నడకను తగ్గించుకోవాలి గానీ, వేగం పెంచి సర్దుకుందామనుకోకండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే గుంపు వేగం.

ఈ లెక్కకు ఒక తోక కూడా తగిలించుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు సగం దూరం దాటకపోతే నడక ఆపి దగ్గర్లోని రోడ్డెక్కి ఆటోనో ఆర్టీసీ బస్సో పట్టుకోవాలని ముందే అందరూ ఒప్పుకోవాలి. ఎండలో అలసిపోయాక ఈ మాట తీసుకొస్తే గొడవలే మిగులుతాయి. డిసెంబరులో మన వైపు ఐదున్నరకు ముందే పొద్దు వాలుతుంది. అదీ గుర్తుంచుకోండి.

చోటు విషయంలో మా సలహా రెండు దారులు. ఒకటి, నౌపడలో దిగి తేలినీలాపురం వైపు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. గూళ్లున్న చెట్ల కింద గుంపుగా నిలబడొద్దు, చప్పట్లు కొట్టొద్దు. తల్లి పక్షి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. నౌపడ చుట్టూ ఉప్పు మడులు ఉన్నాయి. వాటి గట్లు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ, అంచున అడుగేస్తే విరిగి మడిలోకి జారతాయి. పనివాళ్లు నడిచే నడిమి దారిలోనే వెళ్లండి. అక్కడ నీడ అస్సలు ఉండదు, తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కళ్లలోకి కొడుతుంది. ఆ భాగాన్ని ఉదయం పూటే దాటేయాలి.

రెండోది, టెక్కలిలో దిగి ఐదారు కిలోమీటర్ల దూరంలోని రావివలస. అక్కడి ఎండల మల్లికార్జున స్వామికి పైకప్పు లేదు, పేరులోనే ఉంది ఆ సంగతి. కార్తీక సోమవారాల్లో జనం పోటెత్తుతారు. ప్రశాంతంగా నడవాలంటే ఆ రోజులు వదిలేయండి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలున్నాయి. రాళ్ల లారీలు తిరిగే రోడ్డు మీద కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనబడేలా ఒకరి వెనక ఒకరు నడవాలి. ఈ రెండు దారుల్లో మాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. నవంబరు చివర, కోతలు మొదలయ్యాక దానికి మించిన నడక ఈ జిల్లాలో తక్కువ.

టిక్కెట్టు సంగతి. రిజర్వేషన్ లేని టిక్కెట్టు 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి తీసుకుంటే, మూడు గంటల్లోగా గానీ, ఆ వైపు వెళ్లే మొదటి బండికి గానీ, ఏది తర్వాతైతే దానికల్లా ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున్నే తిరుగు టిక్కెట్టు కూడా విడిగా కొనేసి జేబులో పెట్టుకుంటే సాయంత్రానికి అది చెల్లదు. తిరిగి ఎక్కే స్టేషనులోనే కొనండి.

ప్రశ్న: మా ఊరివాళ్లు పూర్వం పట్టాల పక్కనే నడిచి టెక్కలి వెళ్లేవారు. రోజుకు నాలుగు బళ్లు కూడా లేని లైను మీద నడిస్తే తప్పేమిటి? పాత చిన్న లైను ఆనవాళ్లు చూడాలంటే పట్టాల వెంటే వెళ్లాలి కదా?
– డిగ్రీ విద్యార్థి, పాతపట్నం

జవాబు: పట్టాల మీదా, కట్ట మీదా నడవకండి. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షను ప్రకారం అది నేరం. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చట్టం అటుంచితే, అసలు ప్రమాదం మీరన్న ఆ నాలుగు బళ్లలోనే ఉంది. బళ్లు తక్కువ కాబట్టి చెవి ఆ వైపు పెట్టరు. పొగబండి మైలు దూరం నుంచే చప్పుడు చేసేది. ఇప్పటి కరెంటు ఇంజను గాలి ఎదురుగా ఉంటే దగ్గరికొచ్చేదాకా వినబడదు. మరమ్మతు బండి టైంటేబుల్లో ఉండదు, ఏ వేళైనా రావచ్చు. వంతెన మధ్యలో ఉండగా బండి వస్తే పక్కకు తప్పుకునే చోటుండదు. పైన తీగలో 25,000 వోల్టులుంటాయి. దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా చాలు. రోడ్డు వంతెన మీది నుంచి ఫొటో కోసం సెల్ఫీ కర్ర చాపడం, గేటు దగ్గర పొడవాటి వెదురు నిలబెట్టడం ప్రాణాంతకం. కనీసం 2 మీటర్ల ఎడం ఉండాలి.

దాటాల్సి వస్తే గేటు దగ్గర, లేదా పట్టాల కింది దారిలో దాటండి. వాన పడ్డాక ఆ కింది దారుల్లో నీళ్లు నిలుస్తాయి, లోతు తెలియదు. మోకాలి దాకా వచ్చాయంటే వెనక్కి తిరగండి.

ఆనవాళ్లు పట్టాల పక్కన కంటే పొలాల్లోనే బాగా దొరుకుతాయి. చిన్న లైను బిగువైన వంపులు తిరగగలదు. వెడల్పు లైనుకు అంత వంపు పనికిరాదు. అందుకే గేజి మార్చేటప్పుడు సాధారణంగా వంపులను సరళం చేస్తారు, వదిలేసిన ముక్క పొలాల్లో మిగిలిపోతుంది. పొలాల మధ్య విల్లులా వంగి, పైభాగం సమతలంగా, ఎత్తు ఎక్కడా హఠాత్తుగా మారకుండా సాగే గట్టు కనబడితే ఆగి చూడండి. దానికి రెండు వైపులా మట్టి తీసిన గుంటలు వరుసగా ఉంటే అది రైలు కట్టే అయ్యే అవకాశం ఎక్కువ. చెరువు గట్టుకు మట్టి ఒక వైపు నుంచే తీస్తారు, ఎడ్లబండి బాట ఎత్తుపల్లాలతో పోతుంది. చిన్న మదుం దగ్గర రెండు గోడల మధ్య వెడల్పు కొలిచినా సంగతి తెలుస్తుంది. పాతపట్నంలో ఉన్న మీకు ఇంకో సౌకర్యం ఉంది. నీలమణి దుర్గ గుడి దగ్గర బయల్దేరి రోడ్డు మీదే నడిచి పర్లాకిమిడి చేరి, తిరుగు రైలెక్కొచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఒకే లైను రెండు రాష్ట్రాల్లో ఉండటానికి కారణం అదే.

ప్రశ్న: బడిలో పిల్లలు ఆవిరి ఇంజను గురించి అడుగుతున్నారు. పొద్దున బండికి ముందు రాత్రే ఇంజనుకు నిప్పు పెట్టేవారట, అంత సేపు ఎందుకు? స్టేషనులో ఆగాక పక్కలకు తెల్లగా ఆవిరి ఎందుకు చిమ్మేది? వేసవిలో ఇబ్బంది పెట్టేదని మా నాన్నగారు చెప్పేవారు, నిజమేనా?
– ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: మూడు ప్రశ్నలూ మంచివి. పిల్లలకు చెప్పేటప్పుడు ఇడ్లీ గిన్నెతో మొదలుపెట్టండి. ఒక లీటరు నీరు మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలంటుంది. ఆ చోటు ఇవ్వకుండా బంధిస్తే వచ్చే ఒత్తిడే ఇంజను బలం.

రాత్రే నిప్పు ఎందుకంటే, బాయిలరంతా ఒకేలా వేడెక్కాలి. నిప్పుగూడు గోడలు, దాని నుంచి పొగగూడు దాకా వెళ్లే పదుల కొద్దీ గొట్టాలు త్వరగా కాలతాయి. కింది భాగంలోని చన్నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. తొందరపడి పెద్ద మంట పెడితే ఒక చోట లోహం సాగుతుంది, పక్క చోట సాగదు. గొట్టాల మొదళ్ల దగ్గర అతుకు వదులై నీరు కారుతుంది, గోడలను పట్టి ఉంచే కడ్డీలు తెగుతాయి. అందుకే ముందు నీటిమట్టం గాజు గొట్టంలో చూసుకుని, కట్టెలతో, నూనె గుడ్డలతో చిన్న మంట వేసి, తర్వాత కొద్దికొద్దిగా బొగ్గు పరుస్తారు. చల్లారిపోయిన ఇంజను సిద్ధమవడానికి చిన్నదైతే నాలుగైదు గంటలు, పెద్దదైతే అంతకు రెట్టింపు కూడా పడుతుంది. రోజూ నడిచే ఇంజనుకు మంట పూర్తిగా ఆర్పరు, రాత్రంతా కప్పి ఉంచుతారు.

పక్కలకు చిమ్మే ఆవిరి సిలిండర్ల అడుగున ఉండే చిన్న కుళాయిల నుంచి వస్తుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు సిలిండరు చల్లబడి, లోపలి ఆవిరి నీరవుతుంది. ఆవిరిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. ఆ నీటితోనే పిస్టన్ కదిలిస్తే సిలిండరు మూత పగిలిపోతుంది. అందుకే బయల్దేరేటప్పుడు కుళాయిలు తెరిచి, నాలుగైదు చుట్లు తిరిగి పొడి ఆవిరి రావడం మొదలయ్యాక మూస్తారు. అది అలంకారం కాదు. పక్కన నిలబడితే కాళ్లు కాలతాయి.

వేసవి మాట కూడా నిజమే. బాయిలరులోకి నీరు ఎక్కించేది ఇంజెక్టరు. అందులో కదిలే భాగం దాదాపు ఉండదు. బాయిలరు ఆవిరినే సన్నని మూతిగుండా వదిలితే విపరీతమైన వేగంతో వస్తుంది. చన్నీటిని తాకి తాను నీరవుతూ, తన వేగాన్ని ఆ నీటికి ఇస్తుంది. ఆ ధార బాయిలరు ఒత్తిడినే తోసుకుని లోపలికి పోతుంది. ట్యాంకులో నీరు వేడెక్కితే ఆవిరి పూర్తిగా నీరు కాదు, ధార విరిగిపోయి బయటికి కారుతుంది. మే నెల ఎండలో, బాయిలరుకు ఆనుకుని పక్క ట్యాంకులున్న చిన్న ఇంజన్లకు ఈ బెడద ఎక్కువ. ట్యాంకు మీద నీళ్లు పోసి చల్లబరచడం, కొత్త చన్నీరు నింపుకోవడం దానికి మందు.

నీరు పోకపోతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. నిప్పుగూడు పైకప్పు మీద ఎప్పుడూ నీరుండాలి. మట్టం దాని కిందికి దిగితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడి, ఒత్తిడికి చిరిగిపోతుంది. అది పేలుడే. అందుకే ఆ రేకులో సీసం పోసిన బిరడా పెడతారు. నీరు తగ్గగానే సీసం కరిగి, పైనుంచి ఆవిరి మంట మీదికి దూకి హెచ్చరిస్తుంది. ఎక్కువ నీరు నింపినా చేటే. కుదుపులకు నీరు ఆవిరితో కలిసి సిలిండర్లలోకి పోతుంది, మూత పగిలే కథ మళ్లీ మొదలు. గరుకు నీళ్లయితే గిన్నె అడుగున పట్టినట్టు గొట్టాల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. అది వేడిని అడ్డుకుంటుంది, బొగ్గు ఎక్కువ తింటుంది, లోహం కాలుతుంది. అందుకే కొన్ని రోజులకోసారి బాయిలరు చల్లార్చి కడగాలి. మంచి నీరున్న చోట స్టేషను, పంపు, ఎత్తైన ట్యాంకు పెట్టడానికి అంత పట్టుదల ఉండేది ఇందుకే.

పిల్లలతో ఒక లెక్క చేయించండి. రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ‘చుక్’లు వినబడతాయి, ఎందుకంటే ప్రతి సిలిండరూ రెండు వైపుల నుంచీ ఆవిరి తీసుకుంటుంది. డార్జిలింగ్ చిన్న ఇంజను చక్రం అడ్డకొలత సుమారు 66 సెంటీమీటర్లు, చుట్టుకొలత 2 మీటర్ల పైచిలుకు. సెకనుకు నాలుగు చుక్‌లు వింటే బండి గంటకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ఉందన్నమాట.

ప్రశ్న: మరి నిజంగా ఆవిరి ఇంజను లాగే బండి ఎక్కాలంటే విజయనగరం నుంచి ఎక్కడికి వెళ్లాలి? అక్కడ కూడా నడవడానికి వీలుంటుందా? అరకు రైలు అలాంటిదేనా?
– నలుగురు స్నేహితులు, విజయనగరం

జవాబు: అరకు రైలు ఆవిరిది కాదు, కరెంటుది. 58 సొరంగాల ఆ మార్గం ఎంత అందమైనా, అద్దాల పెట్టె ఎంత బాగున్నా, మీరడిగినది వేరు. ‘హెరిటేజ్’ అన్న పేరు చూసి టిక్కెట్టు కొనేయకండి. గుజరాత్‌లో అహ్మదాబాద్–ఏక్తా నగర్ మధ్య నడిచే బండికి ముందు కనిపించేది ఆవిరి ఇంజను రూపమే, లోపల కరెంటు ఇంజను. దేశంలో పెద్ద లైను మీద రోజువారీ ఆవిరి బళ్లు 1995 డిసెంబరుతో ఆగిపోయాయి.

మీకు మొదటి సలహా నీలగిరి. మెట్టుపాలయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, మీటరుగేజి, అంటే పట్టాల ఎడం ఒక మీటరు. కల్లార్ నుంచి కూనూరు దాకా ఏటవాలు ప్రతి 12.28 మీటర్లకు ఒక మీటరు. అంత ఎత్తును మామూలు చక్రం పట్టాల మీద పట్టు నిలుపుకుని ఎక్కలేదు. అందుకే పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉంటుంది, ఇంజనులోని పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలకు, రెండు పళ్ల చక్రాలకు. పైకెళ్లేటప్పుడు ఇంజను వెనక ఉండి తోస్తుంది. ముందు పెట్టెలో కూర్చుంటే దారి బాగా కనబడుతుంది. ఇంజను శ్రమ వినాలంటే చివరి పెట్టెలో, పొగకు సిద్ధపడి కూర్చోవాలి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆవిరి మెట్టుపాలయం–కూనూరు మధ్యే. కూనూరులో డీజిల్ ఇంజను తగిలిస్తారు. పొగబండి కోసమే వెళ్లేవాళ్లు కూనూరులో దిగిపోయి, ఆ పూట సిమ్స్ పార్కు వైపు నడిచి, రాత్రికి అక్కడే ఉంటే డబ్బూ సమయమూ రెండూ కలిసొస్తాయి.

వెళ్లే దారి: విజయనగరంలో హౌరా–చెన్నై మెయిల్ ఎక్కితే తెల్లవారుజామున చెన్నై సెంట్రల్. పగలు ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) దగ్గరి రైలు మ్యూజియం చూసుకుని, రాత్రి అదే సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయం మెట్టుపాలయంలో దించుతుంది. కొండబండి 7:10కి. మెయిల్‌కు, నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కు మధ్య ఈ పగలంతా ఉండటం అవసరం, మన వైపు బళ్లు ఆలస్యమైనా కొండబండి తప్పదు. కొండబండి సీట్లు తక్కువ. రిజర్వేషన్ తెరిచిన రోజే తీసుకోండి, ఆ తర్వాతే మిగతా రెండు బళ్ల టిక్కెట్లు కొనండి. తిరగేసి కొన్నవాళ్లు ఊటీ బస్సులో వెళ్లాల్సి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండచరియలు జారి బండి రద్దయ్యే రోజులుంటాయి. జనవరి నుంచి మార్చి మేలు.

రెండోది డార్జిలింగ్. 1881లో మొదలైన 88 కిలోమీటర్ల బుల్లి లైను, పట్టాల ఎడం 610 మిల్లీమీటర్లే. అంత దూరమూ ఆవిరితో వెళ్లాలని పట్టుబట్టొద్దు. డార్జిలింగ్ నుంచి ఘూమ్ వరకు వెళ్లి వచ్చే విహార బళ్లలో ఆవిరివి ఎంచుకోండి, టిక్కెట్టులో ఆవిరా డీజిలా అన్నది చూసుకోండి. ఘూమ్ స్టేషను ఎత్తు 2,258 మీటర్లు. మన సముద్రపు గాలికి అలవాటైన ఊపిరి మొదటి రోజు ఆయాసపడుతుంది, నడక రెండో రోజుకు పెట్టుకోండి. బొగ్గు ఇంజను వెనక కూర్చుంటే నిప్పురవ్వలు, నుసి కంట్లో పడతాయి. మామూలు కళ్లద్దాలు చాలు. నుసి పడితే నలపకుండా మంచినీళ్లతో కడగాలి. నైలాన్ జాకెట్టుకు రవ్వ తగిలితే చిల్లు పడుతుంది, నూలు లేదా ఉన్ని బట్టలు నయం.

ప్రశ్న: మేం యాభై దాటిన ఆడవాళ్లం, నలుగురం. నడవాలనుంది గానీ నీళ్లు, తిండి, మరుగుదొడ్డి, పాములు... వీటి భయం. ఎంత దూరం పెట్టుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మొదటిసారి 6 కిలోమీటర్లు పెట్టుకోండి, అదీ సగం పైగా రోడ్డు ఉండేలా. నెల్లిమర్ల స్టేషనులో దిగి రామతీర్థం వైపు వెళ్లే దారి మీకు నప్పుతుంది. వెళ్లేటప్పుడు నడిచి, అలసిపోతే వచ్చేటప్పుడు ఆటో ఎక్కొచ్చు. గురుభక్తకొండ మీది బౌద్ధ శిథిలాలు చూడాలంటే మెట్లెక్కాలి. మోకాళ్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ బాధపడతాయి. చేతికర్ర తీసుకెళ్లండి.

నీళ్లు చలికాలంలో మనిషికి 2 లీటర్లు, ఫిబ్రవరి దాటితే 3. మరుగుదొడ్డికి భయపడి నీళ్లు తాగడం మానడం చాలామంది చేసే పొరపాటు. తలనొప్పి, కాళ్ల పిక్కలు పట్టేయడం దానివల్లే. రైలు దిగకముందే పెట్టెలోని మరుగుదొడ్డి వాడుకోండి, తర్వాత గుడి దగ్గర, పెట్రోలు బంకులో అడగండి. ఓఆర్‌ఎస్ పొట్లం సరిగ్గా ఒక లీటరు నీటిలోనే కలపాలి. అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది. బయల్దేరే ముందు గ్లాసుడు చోడి అంబలి తాగితే పదకొండింటి దాకా ఆకలి వేయదు.

భోజనానికి చింతపండు పులిహోరను మించింది లేదు. నలుగురికి 600 గ్రాముల బియ్యం, 80 గ్రాముల చింతపండు, 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనె. అన్నం పలుకుగా వండి, పళ్లెంలో పరిచి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై అన్నం మీద పడి, మధ్యాహ్నానికి జిగురు వస్తుంది. కొబ్బరి పచ్చడి తీసుకెళ్లొద్దు, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే.

చెప్పులు వద్దు, మడమను కప్పే పాత బూట్లు వేసుకోండి. కొత్తవైతే ముందు 15 కిలోమీటర్లయినా ఇంటి దగ్గర తొడిగి నడవాలి. పాదంలో ఒక చోట వెచ్చగా అనిపించగానే ఆగి టేపు అంటించండి, బొబ్బ లేచాక అంటిస్తే లాభం లేదు. పాముల కోసం గట్టు మీద కర్ర తాటిస్తూ నడవండి, గడ్డిలో చేయి పెట్టకండి, వరికుప్ప మీద కూర్చోకండి. కాటు పడితే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు విరిగినప్పుడు కట్టినట్టు కదలకుండా కట్టి, కాటు పడిన సమయం రాసుకుని, 108కి ఫోన్ చేయండి. ఆ మనిషిని నడిపించొద్దు.

ప్రశ్న: మందస వైపు జీడితోటల్లో నడక పెట్టుకోవచ్చా? సీతంపేట కొండల్లో?
– ఇద్దరు పాఠకులు, సోంపేట

జవాబు: మందస ఉన్న ఉద్దానం ప్రాంతపు తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద దాడులు జరిగాయి. జీడిపళ్లు, పనసపళ్లు పండే కాలంలో మరీ జాగ్రత్త. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత తోటల్లో ఉండకండి. గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లండి. హఠాత్తుగా ఎదురుపడితేనే ఎలుగు మీదికొస్తుంది, చప్పుడు విన్నది ముందే తప్పుకుంటుంది. పరిగెత్తకుండా, వీపు చూపకుండా వెనక్కి జరగాలి. సీతంపేట, పార్వతీపురం వైపు ఏనుగుల గుంపు తిరుగుతోంది. బయల్దేరే రోజు ఉదయం అటవీశాఖవారిని అడగండి. ఆ దగ్గర్లో ఉన్నాయంటే ఆ నడక మానేసి మందస రోడ్డు స్టేషనులో దిగండి. ఊళ్లోని వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా కొనుక్కుని రండి. కోవాను ఆకులో గానీ, గాలి ఆడే డబ్బాలో గానీ పెట్టించుకోండి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే రైలు వేడికి చెమట పట్టి పులుస్తుంది.